బంగార్రాజు బ్యాటరీ విజయము

స్వస్తి! మండువేసవి మార్తాండుని ప్రచండ కిరణములచే అర్పానది ఇంకి ఇసుకదిబ్బయై, ఆ ఇసుకలో కాలు మోపుటకు గేదెలు సైతము వెనుకాడుచున్న కాలమున. గెవ్రా గనుల దిక్కునుండి బొగ్గుబండ్లు భూమి నదరగొట్టుచు వచ్చి, పెండ్లివారితో క్రిక్కిరిసిన ప్యాసింజరు బండిని పొలాల నడుమ నిలువబెట్టి, తాము మాత్రము దొరలవలె సాగిపోవు దేశమున. రైల్వే జోనునకు రాజధానియు, బొగ్గు కచేరీలకు కాణాచియు, కోర్టు వాయిదాలకు పుట్టినిల్లును, ఆటోల హారనులకు అత్తవారిల్లును నగు బిలాస్‌పూర్ మహానగరమున — ఓ విద్యుద్దేవీ! తీగలపై పరుగులిడుదానా, మీటరులో మాత్రము తప్పక కనబడుదానా, మాకు నీతో పని పడినప్పుడెల్ల మాయమగుదానా! నీ కటాక్షము ఒక్కింత మా కలముపై ప్రసరింపజేయుము.

ఏలయన, మేము పాడబోవునది రాజ్యముల కొరకు పోరిన వీరుల గాథ కాదు. చేతిలో నిమిడిపోవు ఒక సెల్‌ఫోను బ్యాటరీ మామూలుగా నున్నదా, లేక రోగగ్రస్తమా అని తేల్చుటకై ఒక పింఛనుదారుడు పదిమందిని నిలువునా ఏడిపించిన గాథ. ఇంతకన్న ఘనకార్యము ఆ వేసవిలో ఆ ఊరి తెలుగువారి నడుమ ఏదియు జరుగలేదు. జరిగియుండినచో దానినే పాడియుందుము.

వీరుని నామధేయము బంగార్రాజు. ఆమ్లబిందుదగ్ధ పరిధానుడు, సీసఫలక మర్మవేది, హైడ్రోమీటరు హస్తుడు. ఆతని తాత పలాస దిక్కునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి ఇక్కడి పట్టాల పనిలో కుదురుకొనగా, తండ్రి ఇక్కడి షెడ్డులోనే జుట్టు నెరపించుకొనగా, మనుమడైన బంగార్రాజు ట్రైన్ లైటింగ్ సెక్షనులో చేరి, రైలుపెట్టెల కడుపుక్రింద ఇనుపడబ్బాలలో దాగియుండి బల్బులకును పంకాలకును ప్రాణము పోయు పెద్ద బ్యాటరీలను సాకుచు ఉద్యోగకాలమంతయు గడిపెను. రైల్వే కాలనీలోని తెలుగిండ్లలో స్కూటరు కదలకున్నను, ఇన్వర్టరు మూల్గినను, గోడగడియారము నిద్రపోయినను జనము ఆతని క్వార్టరు గుమ్మము తొక్కెడివారు. ఆతడు బ్యాటరీని గోటితో తట్టి, తల ప్రక్కకు వంచి విని, "ఉన్నాది" అనియో "పోనాది" అనియో తీర్పు చెప్పెడివాడు. ఆ తీర్పుపై అప్పీలు లేదు. గడియారపు బ్యాటరీని గోటితో తట్టి ఏమి విందురో మాకు తెలియదు; అడిగిన ధైర్యవంతుడును లేడు.

రిటైరై ఊరి అంచున మోప్కాలో ఇల్లు కట్టుకొన్న పిమ్మట ఆతనికి లోకమున మిగిలిన గౌరవము ఇదొక్కటే. మనిషి తనకు మిగిలిన చివరి గౌరవమును పట్టుకొని ఎంత గట్టిగా వ్రేలాడునో చూడవలెనన్నచో, ఇంటికి వచ్చిన చుట్టపు టార్చిలైటును అడుగకయే విప్పి చూచు బంగార్రాజును చూచిన చాలును.

ఇట్టి మహానుభావుడు ఒక స్మార్టుఫోను కొనెను. ఒంటరిగా కొనలేదు. ఆప్తమిత్రుడును, అంతకు మించి ఆజన్మశత్రువును నగు జగన్నాథముతో గూడి, ఒకే దినమున, ఒకే దుకాణమున, ఒకే కంపెనీది, ఒకే రంగుది కొనెను. జగన్నాథ మన నెవడు? గూడ్సుబండ్ల మాజీ డ్రైవరు. బొగ్గుధూళి ధూసరిత శ్మశ్రువు. గతౌరా స్టేషను బయట ఎర్ర సిగ్నలును చూచుచు కూర్చుండి సగము జీవితమును గడిపి, ఆ కూర్చుండుటనే శౌర్యముగా చెప్పుకొనువాడు. ఇరువురును ఒకరి నొకరు "బావా" యని పిలుచుకొందురు, చుట్టరికమేమియు లేదు. ఆ పిలుపులో ప్రేమ ఎంతయో, ఎత్తిపొడుపు ఎంతయో వారికే తెలియదు.

కొన్న కొలదికాలమునకే ఒక వింత బయటపడెను. జగన్నాథము ఫోను ఒకసారి నిండుగా ఛార్జి చేసినచో మరునాడు కూడ చెక్కుచెదరకుండెను. బంగార్రాజు ఫోనో, ప్రొద్దున నిండుగా బయలుదేరి, భోజనము వేళకు ఎర్రబడి, తిన్నది అరుగక ముందే కన్నుమూయుచుండెను.

కారణము మేము దాచము. రైలు బ్యాటరీల శాస్త్రమున ఒక ధర్మము గలదు. బ్యాటరీని ఛార్జి చేసినంత మాత్రమున నమ్మరాదు. దానిపై లోడు పెట్టవలెను, అనగా దీపములు వెలిగించి, ఆ భారమును అది మోయునో, కూలబడునో చూడవలెను. ఈ ధర్మము బంగార్రాజు ఎముకలలో ఇంకిపోయెను. ప్రతి ఉదయమును ఆతడు ఫోనును ఛార్జరునుండి విడదీయగానే కుడిచేతి బొటనవ్రేలు తనంతట తానే జారి ఫోను టార్చిని వెలిగించును. ఆతడు ఫోనును చొక్కాజేబులో గుండెకు ఆనించి పెట్టుకొనును. ఆ ఎండలో ఆ వెలుగు ఎవనికి కనబడును? దినమంతయు దీపము వెలుగుచుండును, బ్యాటరీ కరగుచుండును, గుండె వేడెక్కుచుండును, "లోపలెక్కడో షార్టయినట్టున్నాది" యని ఆ శాస్త్రవేత్త అనుమానించుచుండును.

టార్చి సంగతి ఆతడు ఎవరికిని చెప్పలేదు. దాచవలెనని కాదు. ఊపిరి తీయుచున్నానని ఎవరైనను ఊరంతయు చెప్పుకొందురా? అది పరీక్ష; వాడకము కాదు. మనిషి రిటైరయ్యెను గాని ఆ బొటనవ్రేలు ఇంకను డ్యూటీలోనే యుండెను.

ప్రథమావమానము తెలుగు సమాజము హాలు ముందున్న సిమెంటు బెంచీపై జరిగెను. వేసవిలో కరెంటు పోయి పోయి విసిగిన సమాజమువారు హాలునకు ఇన్వర్టరు కొనదలచిరి. సమాజాధ్యక్షుడు చంద్రమౌళి, రిటైర్డు గార్డు, నేటికిని ఇంటనుండి కదలుటకు ముందు వెనుదిరిగి ఒకసారి చూచువాడు, "బ్యాటరీ బంగార్రాజు గారు చూసి పాస్ చేస్తారు" అనెను. బంగార్రాజు రొమ్ము విప్పారెను. మంచి దుకాణమువాని నంబరు చెప్పెదనని దర్పముగా జేబులోనుండి ఫోను తీసెను. అది చచ్చియుండెను.

జగన్నాథము నవ్విన నవ్వునకు బెంచీక్రింద పడుకొన్న కుక్క లేచి దూరముగా పోయెను.

"ఏటి బావా, మళ్ళీ సచ్చిపోనాదేటి?" అనుచు ఆతడు తన ఫోనును కత్తివలె పైకెత్తి సభనుద్దేశించి ఇట్లు గర్జించెను: "సూడండి! ఇది నిన్న ఛార్జింగెట్టిన ఫోను. ఇంకా గుర్రంలాగున్నాది. అదే కంపినీ, అదే షాపు, అదే రోజు! సొంత ఫోను నాడి తెలీనోడు సమాజం ఇన్వర్టరు పాసు సేస్తాడేటి సంద్రమౌళిగారూ? రేపు పెళ్ళి మజ్జిలో కరెంటు పోతే, ఈ బావ గోటితో కొట్టి లైట్లెలిగిస్తాడేటి?"

బెంచీ ఘొల్లుమనెను. చంద్రమౌళి కొంతసేపు గడ్డము గోకికొని, "అచ్ఛా, బంగార్రాజు గారూ, ముందు మీ ఫోను సంగతి తేల్చుకోండి. అందాకా ఇన్వర్టరు ఆ షాపువాడికే ఒదిలేద్దాం" అనెను.

దుకాణమువానికి! అమ్మువాడే పాసు చేయుటయా! ఆ మాట బంగార్రాజు మనసును నిజముగా కోసెను. కండ్లలో నీరు తిరిగెను. అది చెమటయని నమ్మించుటకు తువ్వాలుతో ముఖము, మెడ, చేతులు కూడ తుడుచుకొనెను. పిమ్మట లేచి నిలిచి ప్రతిజ్ఞ చేసెను:

"వినండి అందరూ! ఈ సేతులు యాసిడ్‌లో నానినాయి. ఈ సేతులు కాసిన దీపాల కిందే జనం బండ్లలో అన్నాలు తిన్నారు, పేకాడినారు, పిల్లల్ని ఊపినారు. ఎవుడికైనా సీకటైపోనాదా? నా సెయ్యి ఎప్పుడూ తప్పునేదు. తప్పు ఈ బ్యాటరీది. ఇది నార్మలు కాదని రుజువు సేస్తాను. సెయ్యకపోతే ఈ బెంచీ మీద మళ్ళీ కూకోను!"

బెంచీత్యాగము! ఆ సమాజమున అది ప్రాణత్యాగముతో సమానము. సాయంకాలము నీడ పడు బెంచీ అదొక్కటే.

మరునాడే మన వీరుడు స్కూటరు నధిరోహించి, బజారులోని సర్వీసు కేంద్రమును ముట్టడించెను. గాజుతలుపులు, లోన హిమశీతల వాయువులు, గోడలపై నవ్వుచున్న ముఖములు. వాని క్రింద చచ్చిన ఫోనులను ఒడిలో పెట్టుకొని నవ్వలేని జనము. తన వంతు రాగానే బంగార్రాజు మొదట టార్చి ఆర్పెను. పరుల చేతికి బ్యాటరీ నిచ్చునపుడు లోడు తీసి ఇయ్యవలెనన్నది షెడ్డు మర్యాద. అనగా నేరమునకు ఉన్న ఒక్క సాక్ష్యమును తన చేతితో తానే తుడిచివేసి, న్యాయము చేయుమని ఫోనును ముందుంచెను.

కౌంటరులోని యువతి ఫోనునకు ఒక తీగ తగిల్చి, తన తెరపైకి చూచి, ఆవులింత నాపుకొని, "బ్యాటరీ తో నార్మల్ హై, అంకల్" అనెను.

"నార్మల్ మత్లబ్ క్యా? గ్రావిటీ నాపా?"

"గ్రావిటీ?" బ్యాటరీ ఆమ్లపు చిక్కదనమును షెడ్డువారు గ్రావిటీ యందురు, దానిని కొలిచితివా యని ఆతని ప్రశ్న; బడిలో చదివిన గ్రావిటీ తప్ప వేరొకటి ఎరుగని ఆ యువతి ఆతనిని జాలిగా చూచెను. "అంకల్, ఆప్ యూజ్ కిత్నా కర్తే హై?" అని వాడకమెంతయో అడిగెను.

"యూజ్ హీ నహీ కర్తా! జేబ్‌మే రహతా హై, బస్!" అని, అనగా వాడనే వాడను, జేబులోనే యుండునని, బంగార్రాజు గుండెపై చేయి వేసికొని చెప్పెను. ఆతడు అబద్ధమాడలేదు. తన దృష్టిలో అది సత్యమే.

"ఫిర్ భీ అంకల్, యూసేజ్ పే డిపెండ్ కర్తా హై."

వాడుకను బట్టి యుండును! ఆహా, ఏమి మహావాక్యము! ఇది వైద్యుడు చెప్పినచో రోగి తన్నును. మెకానికు చెప్పినచో స్కూటరువాడు తన్నును. సర్వీసు కేంద్రమున చెప్పినచో మాత్రము మనము థాంక్యూ చెప్పి, గాజుతలుపు మన వీపునకు తగులకుండ తప్పుకొని బయటకు వత్తుము. బంగార్రాజును అట్లే వచ్చెను. మెట్లు దిగుచుండగా ఆతని బొటనవ్రేలు టార్చిని మరల వెలిగించెను.

మోప్కాలో ఇంటి డాబాపై అచ్చియమ్మ మినపవడియాలు పెట్టుచుండెను. ఆమె ఆతని ధర్మపత్ని. షెడ్డు ఆమ్లము పడి చిల్లులు పడిన చొక్కాలకు జీవితమంతయు మాసికలు వేసిన సహనశీల. నోరు మాత్రము మాసిక అక్కరలేనిది.

"ఏటన్నారు?"

"నార్మలంట."

"అయితే సంతోసమే గదా. మరి మొగమలాగ ఏలాడేసినారేటి?"

"నార్మలైతే సంతోసమేటే?" బంగార్రాజు వడియాల ప్రక్కనే చతికిలబడెను. "బ్యాటరీ నార్మలైతే మరి లోపం ఎవుడికాడున్నట్టు? నాకాడేనా? రేపు ఆ ఇన్వర్టరు ఎవుడో షాపోడు పాసు సేస్తాడు. ఇంక నన్నెవుడడుగుతాడే?"

అచ్చియమ్మ ఒక క్షణము చేయి ఆపి ఆతనిని చూచెను. నవ్వవలెనో, జాలిపడవలెనో తెలియక, "ముందు ఆ వడియాల మీద నుండి కాలు తియ్యండి" అనెను. కాని "నన్నెవుడడుగుతాడే" యన్న ఆతని మాట ఆమె మనసులో నిలిచిపోయెను.

ఇక మహాసంగ్రామము.

రైల్వేలో ఏది పాడైనను, నేరము ఏ శాఖదో తేలనప్పుడు, శాఖలవారందరును ఒకచోట గూడి జాయింటు ఇన్‌స్పెక్షను చేయుట ఆచారము. నేరము తేలుట అరుదు. టీ త్రాగుట తథ్యము. చంద్రమౌళి ఆ ఆచారమును స్మరించి, ఆదివారము సమాజము హాలులో రెండు ఫోనులకును జాయింటు పరీక్ష ప్రకటించెను. ఇంట నిండుగా ఛార్జి చేసి తేవలెను. తెల్లదుప్పటి పరచిన బల్లపై ప్రక్కప్రక్కన పెట్టవలెను. పెట్టిన పిమ్మట ఎవరును ముట్టరాదు. ఉప్మా, టీ సమాజముదని తెలిసి, బ్యాటరీ యన్న మాటకు అర్థము తెలియనివారు కూడ సకుటుంబముగా వచ్చిరి.

బయట వడగాలి కొట్టుచుండుటచే కిటికీలన్నియు మూయబడెను; దీపములు వెలిగింపబడెను; కూలరు రొద చేయుచుండెను. ఒకవైపు పురుషులు, ఒకవైపు స్త్రీలు. యోధు లిరువురును బల్లకు చెరియొక ప్రక్కన నిలిచిరి. జగన్నాథము తన ఫోనును దుప్పటిపై పెట్టి రెండడుగులు వెనుకకు వేసెను. బంగార్రాజు తన ఫోనును పెట్టెను. పెట్టుచు పెట్టుచునుండగా, ఎవరును చూడకముందే, తానే గమనింపక ముందే, ఆ డ్యూటీ మానని బొటనవ్రేలు తన పని తాను చేసికొనిపోయెను. దీపము దుప్పటిలో అణగిపోయెను. చంద్రమౌళి పాత పచ్చజెండా తీసి ఊపెను.

యుద్ధము మొదలయ్యెను. యుద్ధమనగా, రెండు ఫోనులు కదలక పడియుండుటయు, చుట్టు కూర్చున్నవారు వానినే చూచుచు ఉప్మాలోని జీడిపప్పు వెదకుటయు. మధ్యమధ్య చంద్రమౌళి బల్లపై వంగి అంకెలు చదువుచుండెను. జగన్నాథము ఫోను కొండవలె నిశ్చలము. బంగార్రాజు ఫోను మాత్రము జారుచు, జారుచు, సగమునకు దిగి, సగమునుండి పాదమునకు దిగి, పాపము, ఎర్రబడెను.

"సూడండి సూడండి!" అని జగన్నాథము సింహనాదము చేసెను. "బొగ్గు తిన్న ఇంజను అలిసిపోద్ది గానీ నా ఫోను అలవదు! బావా, ఇంక బెంచీ మీద నీ సోటు నాదే. కాళ్ళు సాపుకుంటాను!"

బంగార్రాజు తల త్రిప్పుకొనెను. గోడవంక చూచుచు నిలిచెను. జీవితములో ఎన్ని బ్యాటరీలను తట్టెనో ఆ చేతిని ఆతడు ప్యాంటుజేబులో పెట్టుకొనెను.

సరిగా అప్పుడే విద్యుద్దేవి తన స్వభావమును చూపెను. కరెంటు పోయెను. కూలరు నిట్టూర్చి ఆగెను. మూసిన కిటికీల హాలు గాఢాంధకారబంధురమయ్యెను. ఆ చీకటిలో, తెల్లదుప్పటిపై, ఒక ఫోను క్రిందనుండి ధగధగలాడుచు తెల్లని వెలుగు చుట్టును పొంగి, బంగార్రాజు ముక్కును, మీసమును, తెరచిన నోటిని అందరకును చూపెను.

జనము మెడలు సాచిరి. పిమ్మట స్త్రీల వరుసనుండి అచ్చియమ్మ గొంతు.

"ఏటండీ అది? టార్చీ ఎలుగుతున్నాదేటి?"

"అది..." బంగార్రాజు మీసము తడిమికొనెను. "అది లోడు."

"లోడేటి?"

"లోడు ఎట్టకుండా బ్యాటరీని నమ్మకూడదు గదే. పొద్దున్న ఛార్జింగు తీయగానే ఎలిగిస్తాను. రోజూను."

"రోజంతానా?"

"రైలుపెట్టె అన్ని లైట్లు, అన్ని ఫ్యాన్లు మోస్తాది. ఇది ఒక్క దీపం మొయ్యనేదా?"

అంతట ఆ హాలులో నవ్వు బ్రద్దలయ్యెను. చీకటిలో ఎవడు నవ్వుచున్నాడో తెలియదు గనుక మర్యాదస్థులు కూడ మనసారా నవ్విరి. బంగార్రాజు తన వెలుగులో తానొక్కడే నిలిచి, ఆ నవ్వు నంతయు ముఖముపై మోసెను. ఆ క్షణమున ఆతడు పడిన సిగ్గు నిజమైనది. దానిని చూచి మేము కూడ కొంచెము తక్కువగా నవ్వితిమి.

జగన్నాథము మాత్రము తక్కువగా నవ్వు జాతి కాదు. "ఒలే సెల్లీ అచ్చియమ్మా! మీ ఆయన ఫోను కొన్నాడా, దీపస్తంబం కొన్నాడా?" అని పొట్ట పట్టుకొనెను.

అది ఆతని జీవితమున పెద్ద పొరపాటు. భర్తను అనుటకు అచ్చియమ్మకు అధికారము గలదు. ఆ అధికారమును ఆమె ఇంకొకరికి ఎన్నడును ఇయ్యలేదు.

"అన్నయ్యా," అని ఆమె లేచి నిలిచెను. గొంతులో తేనె కారుచుండెను; ఎరిగినవారు జాగ్రత్తపడిరి. "మీ ఫోను అంత మంచిది గదా. మరి మీ ఆవిడ సౌభాగ్య వదిన మీకు ఫోన్ సేసి సేసి దొరక్క నాకెందుకు సేస్తాదేటి? కూరలట్టుకు రమ్మని సెప్పడానికి మా ఆయన్ని పంపాల్సొస్తున్నాది, మీ బెంచీ కాడికి!"

"అదేదో సిగ్నలు లేక..."

"అలాగేటి? మరిప్పుడున్నాది గదా సిగ్నలు." ఆమె తన ఫోను తీసి, జగన్నాథము నంబరు నొక్కి, స్పీకరు పెట్టెను. హాలంతయు చెవులయ్యెను. బల్లపైని జగన్నాథము ఫోను మ్రోగలేదు, మెరయలేదు, చీమ కుట్టినట్లైనను కదలలేదు. స్పీకరులోనుండి మాత్రము, మీరు పిలిచినవారు ప్రస్తుతము అందుబాటులో లేరని ఒక వనిత హిందీలో మధురముగా పలికెను.

చంద్రమౌళి అధ్యక్షాధికారముతో ఫోనును చేతికెత్తి, కండ్లజోడు సవరించుకొని చూచెను. తెర నెత్తిన చిన్న విమానము బొమ్మ యుండెను. "అచ్ఛా! ఫ్లైట్ మోడులో ఉంది. బయటి ఫోను ఏదీ రాదు, పోదు. ఎప్పట్నించి జగన్నాథం గారూ?"

బొగ్గుధూళి ధూసరిత శ్మశ్రువు నేల చూచెను. "కొన్నకాడి నుండి."

"ఎందుకూ?"

"బండ్లు నడిపించే కంట్రోలాఫీసోలు ఫోన్ సేస్తారు గదండీ." గొంతు బొత్తిగా సన్నగిల్లెను. "రెస్టులో ఉన్నా ఒగ్గరు. లేపుతారు. బండి తియ్యమంటారు. అందుకే ఆ షాపోడినడిగి, ఎవుడి ఫోనూ రాకుండా సేయించుకున్నాను."

"నువ్వు రిటైరైపోనావు గదా బావా!" అని బంగార్రాజు విస్మయముతో అడిగెను.

"అయినాను. అయినా ఆల్ని నమ్మలేం బావా."

చూచితిరా, ఓ శ్రోతలారా! ఒకడు ప్రాణమున్న ఫోనును పరీక్షించి పరీక్షించి చంపెను. ఇంకొకడు చచ్చిన ఫోనును చూపి దీనికి రోగమే రాదని చాటెను. వీరిరువురి నడుమ సత్యము తేల్చుటకు పెద్దమనుష్యులు పచ్చజెండా ఊపిరి. ఇట్టివారి చేతులలోనే, అయ్యా, మన రైళ్లు ఇంతకాలము నడచినవి. నడచిన వనగా విద్యుద్దేవి కరుణయే కావలెను.

కరెంటు వచ్చెను. ఈసారి పరీక్ష ధర్మముగా జరుగవలెననియు, బంగార్రాజు ఫోను గెలిచినచో ఇన్వర్టరు ఆతడే చూచుననియు, బెంచీ చోటు కూడ దక్కుననియు చంద్రమౌళి శాసించెను. టార్చి లేదు, విమానము లేదు. రెండు ఫోనులును హాలులోనే నిండుగా ఛార్జి చేయబడి, మరల దుప్పటిపై పరుండబెట్టబడెను. బంగార్రాజు తన కుడిచేతిని తొడక్రింద నొక్కిపెట్టి దానిపై కూర్చుండెను. ఉప్మా అయిపోయెను గనుక చాలమంది లేచిపోవ యత్నించిరి. తలుపుదగ్గర చంద్రమౌళి నిలిచియుండెను గనుక పోలేకపోయిరి.

కాలము నత్తవలె ప్రాకెను. రెండు ఫోనులును సమానముగా నిలిచెను. ఒక్క అంకె తేడా లేదు. ఇట్లే సాగినచో ఇరువురును సమానులని తేలి, ఇన్వర్టరు దుకాణమువాని పాలగును. బంగార్రాజు పెదవులు తడుపుకొనుచుండెను.

ఉన్నట్టుండి జగన్నాథము ఫోను గణగణమని మ్రోగెను. కొన్ననాటినుండి అదే దాని మొదటి కూత. "కంట్రోలు!" అని జగన్నాథము కుర్చీ పడద్రోసి తలుపువైపు పరుగెత్తెను. ముట్టరాదన్న నియమముండుటచే ఫోనును ఆపువాడు లేడు. అది తెరనెల్ల వెలిగించుకొని, దుప్పటిపై గింగిరాలు తిరిగి, తనివితీర మ్రోగి ఆగెను. జగన్నాథము తిరిగి వచ్చి చెమట తుడుచుకొని కూర్చుండెను. కొంతసేపటికి మరల మ్రోగెను. మరల పరుగెత్తెను. ఇట్లు ఎన్ని మార్లో మేము లెక్కింపలేదు. కడపట ఆతడు తలుపుదగ్గరనే నిలిచిపోయెను. బంగార్రాజునకు తన ఫోను తప్ప లోకము కనబడలేదు. ఒక్కమారు మాత్రము స్త్రీల వరుసవైపు చూపు పోగా, అచ్చియమ్మ తల వంచి, పైటచెంగు సవరించుకొనుచుండెను.

ప్రొద్దు వాలెను. చంద్రమౌళి బల్లపై వంగెను. ఈ ఫోను చూచెను. ఆ ఫోను చూచెను. మరల ఈ ఫోను చూచెను. పిమ్మట నిటారుగా నిలిచి, మొగము ప్రసన్నము చేసికొని, "ఒక్క శాతం," అనెను. "బంగార్రాజు గారిది ఒక్క శాతం ఎక్కువుంది. ఇన్వర్టరు ఆయనే చూస్తారు. ఇంక అందరూ ఇళ్ళకి పొండి."

ఇండ్లకు పొండన్న మాటకు సభ చేసిన హర్షధ్వానములను బంగార్రాజు తన విజయమునకే యని గ్రహించెను. ఆతడు తొడక్రిందనుండి తిమ్మిరెక్కిన చేతిని లాగి, దానితోనే మీసము దువ్వి, జగన్నాథమును కౌగిలించుకొని, "నీ ఫోనూ నార్మలే బావా, కొంచెం తగ్గు, అంతే" యని క్షమాభిక్ష పెట్టెను. జగన్నాథము కండ్లు మాత్రము ఫోనుపైనే యుండెను. అది మరల మ్రోగునేమో యని.

మోప్కా దారిలో స్కూటరు సాగుచుండెను. వెనుక అచ్చియమ్మ ఒక చేత్తో ఆతని భుజమును, ఒక చేత్తో ముందే దాచిన ఉప్మా డబ్బాను పట్టుకొని కూర్చుండెను. చాలదూరము తన పరాక్రమమునే వర్ణించుకొనిన పిమ్మట బంగార్రాజునకు ఏదో తట్టి, స్కూటరు వేగము తగ్గించెను.

"అచ్చియమ్మా, ఆ జగన్నాథం గాడికి అన్నిసార్లు ఫోన్ సేసినోడెవుడంటావు?"

"నానే."

"నువ్వా! ఎందుకే?"

"లోడెట్టినాను," అనెను అచ్చియమ్మ. "లోడెట్టకుండా బ్యాటరీని నమ్మకూడదని మీరే గదా సెప్పినారు."

బంగార్రాజు స్కూటరు వేగము పెంచెను. ఇట్లు బిలాస్‌పూర్ పురమున, మండువేసవిలో, మూడుసార్లు టీ త్రాగినవారి ఎదుట, బంగార్రాజు ఒక్క శాతము ఆధిక్యమున దిగ్విజయియై ఇల్లు చేరెను. ఆ ఒక్క శాతమును గెలిచిన యోధురాలు ఉప్మా డబ్బాతో దిగి, ముందు నడచి, తాళము తీసెను.